ఒళ్లు తుడుచుకోకముందే క్రీమ్ రాస్తే ఏమవుతుంది? నా రెండు కాళ్ల మీద ఆరు వారాల టెస్ట్

వీడియో చూసే టైమ్ లేనివాళ్ల కోసం ఎప్పట్లాగే ఎపిసోడ్ మొత్తం ఇక్కడ టెక్స్ట్‌గా పెడుతున్నాను. మాట్లాడిందే, కొంచెం సర్ది రాశాను, అంతే.

ముందే ఒక మాట చెప్పేస్తా. ఇది స్పాన్సర్డ్ ఎపిసోడ్ కాదు. ఆరు వారాల్లో వాడినవన్నీ నా డబ్బుతో కొన్నవే. అందుకే "ఈ బ్రాండ్ కొనండి, ఆ బ్రాండ్ వద్దు" అని చెప్పను. ఏ రకం ఎలా పనిచేస్తుందో చెప్తాను. రకం అర్థమైతే బ్రాండ్ మీరే చూసుకోగలరు.

"మాయిశ్చరైజర్ల గురించి నువ్వు మాట్లాడటం ఏంట్రా?" అని మా ఫ్రెండ్స్ ఆల్రెడీ నవ్వారు. కరెక్టే. మొన్నటి దాకా నాకూ అదే ఫీలింగ్. క్రీములు, లోషన్లు అంటే మనకు సంబంధం లేని వస్తువులు అనుకునేవాణ్ని. ఈ టాపిక్ దగ్గరికి నన్ను తీసుకొచ్చింది మా బాపు కాలు.

మాది నిర్మల్ దగ్గర ఊరు. పాత ఆదిలాబాద్ జిల్లా అంటే చలి ఎలా ఉంటుందో తెలుసు కదా. తెల్లారుజామున టెంపరేచర్ 10 డిగ్రీల కిందికి పోవడం అక్కడ మామూలే. నవంబర్‌లో అమ్మ ఫోన్ చేసింది. "మీ బాపు రాత్రంతా కాళ్లు గోక్కుంటనే ఉంటున్నడురా. నిద్ర లేదు ఆయనకు, నాకు లేదు" అని. మా బాపుకు 12 ఏళ్లుగా షుగర్ ఉంది. అప్పటికే ఊళ్లో మెడికల్ షాప్‌కు వెళ్లి "దురదకు ఏదన్న ఇయ్యి" అంటే ఒక ట్యూబ్ ఇచ్చారట. రాసుకుంటే రెండ్రోజులు హాయిగా ఉండేదట. మానేస్తే మళ్లీ మొదలు. అలా మూడు ట్యూబులు అయిపోయాయి. ఈలోగా గోకీ గోకీ ముంగాలు ఎముక మీద పుండు పడింది. షుగర్ ఉన్న మనిషికి కాలి మీద పుండు మూడు వారాలైనా మానట్లేదంటే ఇంట్లోవాళ్లకు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. నేను లీవ్ పెట్టి బయల్దేరాను.

స్కిన్ డాక్టరమ్మ పుండు చూసి, డ్రెస్సింగ్ సంగతి, షుగర్ సంగతి మాట్లాడి, ఆ తర్వాత ట్యూబ్ చూపించమన్నారు. చూసి పక్కన పెట్టేశారు. అందులో గట్టి స్టెరాయిడ్ ఉంది. తర్వాత బాపును అడిగారు: "స్నానం నీళ్లు ఎంత వేడిగా పోసుకుంటారు?" బాపు గర్వంగా, "పొగలు రావాలె మేడమ్" అన్నాడు. "సబ్బు?" "రెండుసార్లు పెడత. పీచుతో మంచిగ రుద్దుత." "అయ్యాక ఒంటికి ఏం రాస్తారు?" "ఏం రాయను. క్రీములు రాసుకునే వయసా మేడమ్ నాది?"

ఆవిడ నవ్వి, "మీకు ఎలర్జీ లేదు, ఏమీ లేదు. ఒళ్లు ఎండిపోయింది. పొడి చర్మం దురద ఇది. నీళ్లు గోరువెచ్చగా, స్నానం పది నిమిషాల్లోపు, సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు చాలు. తడి పూర్తిగా ఆరకముందే క్రీమ్ రాయాలి. పుండు మీద కాదు, చుట్టూ" అన్నారు.

బాపు వారం రోజులు రాశాడు. తర్వాత ఆపేశాడు. ఎందుకు ఆపావు బాపూ అంటే, "జిడ్డు జిడ్డుగ ఉంటదిరా. పంచె అంటుకుంటది. బర్రెకు ఆముదం పూసినట్టుంటది" అన్నాడు.

నా టెస్ట్ ఇక్కడ మొదలైంది. జిడ్డు అంటే పడని ఒక మనిషి రోజూ రాసుకోగలిగేది ఏది? తడి మీద రాస్తే నిజంగా తేడా ఉంటుందా, లేక అది కూడా ఇంటర్నెట్‌లో తిరిగే ఇంకో మాటేనా?

టెస్ట్‌కు ముందు ఒక రెండు నిమిషాలు చర్మం గురించి. ఇది బోర్ కొట్టదు, ప్రామిస్.

చిన్నప్పుడు చలికాలంలో మోచేతి కింద గోరుతో గీస్తే తెల్ల గీత పడేది, గుర్తుందా? స్కూల్లో బెంచీ మీద కూర్చుని పేర్లు రాసుకునేవాళ్లం. అలా తెల్లగా లేచేది చర్మం అన్నిటికంటే పై పొర. దాని పేరు స్ట్రాటమ్ కార్నియమ్. అరచేతులు, అరికాళ్లు వదిలేస్తే మిగతా ఒంటి మీద అది 10 నుంచి 20 మైక్రాన్ల మందం, అంటే మామూలు కాగితం మందంలో ఐదో వంతు ఉంటుందేమో. అంత పల్చటి పొర మన ఒంట్లో నీళ్లను బయటికి పోకుండా ఆపుతోంది.

దాన్ని ఇటుక గోడలా ఊహించుకోండి. చర్మం మీద చదివే డాక్టర్లు కూడా ఈ పోలికే వాడతారు. చనిపోయిన కణాలు ఇటుకలు. వాటి మధ్య సిమెంట్‌లా కొవ్వు పదార్థాలు ఉంటాయి: సెరమైడ్లు, కొలెస్ట్రాల్, ఫ్యాటీ యాసిడ్లు. అవును, గుండెకు చెడ్డదని తిట్టుకునే కొలెస్ట్రాలే, ఇక్కడ మాత్రం మనల్ని కాపాడుతుంది. ఈ సిమెంట్ గట్టిగా ఉన్నంతసేపు లోపలి నీళ్లు లోపలే ఉంటాయి. పగుళ్లు వస్తే నీళ్లు ఆవిరై పోతూనే ఉంటాయి, బయటి సబ్బు, దుమ్ము లోపలికి వెళ్లి నరాలను గెలుకుతాయి. దురద అక్కడి నుంచి వస్తుంది. గోకితే గోడ ఇంకా పగులుతుంది, ఇంకా దురద పెడుతుంది. మా కోడింగ్ భాషలో చెప్పాలంటే ఇన్‌ఫినిట్ లూప్. బయటికి రావాలంటే ఎక్కడో బ్రేక్ పెట్టాల్సిందే.

ఇప్పుడు బాపు స్నానం చూడండి. వేడి నీళ్లు ఆ కొవ్వును కరిగిస్తాయి. జిడ్డు గిన్నె వేడి నీళ్లతో కడిగితే తొందరగా వదులుతుంది కదా, అదే లెక్క. మామూలు సబ్బు బిళ్ల పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. మన చర్మం సహజంగా 5కు అటూ ఇటూ, కొంచెం పులుపు వైపు. పైగా బీరపీచుతో రుద్దడం. వయసు పెరిగేకొద్దీ చర్మం సొంతంగా తయారుచేసుకునే కొవ్వు తగ్గుతుంది, షుగర్ ఉన్నవాళ్లకు కాళ్ల మీద చెమట కూడా తగ్గొచ్చు. చలికాలం గాలి పొడి. అన్నీ కలిసొచ్చాయి.

"మరి స్నానం అంటే నీళ్లే కదా, ఒళ్లు తడుస్తుంది కదా, ఇంకా పొడిబారడం ఏంటి?" ఇది నాకూ వచ్చిన డౌట్. పై పొర నీళ్లు పీల్చుకునే మాట నిజమే. కానీ బయటికి రాగానే ఆ నీళ్లు ఆవిరైపోతాయి, దాన్ని ఆపాల్సిన సిమెంట్‌లో కొంత సబ్బుతో ఆల్రెడీ కొట్టుకుపోయింది. మాయిశ్చరైజర్ అనే పేరులోనే తప్పుడు అర్థం ఉందని నాకనిపిస్తుంది. అది నీళ్లు పోసే వస్తువు అనుకుంటాం. చాలావరకు అది చేసేది ఉన్న నీళ్లను పోనివ్వకపోవడం.

ఈ పని చేసేవి మూడు రకాలు. నీళ్లను పట్టి ఉంచేవి: గ్లిజరిన్, యూరియా, హయాల్యురోనిక్ యాసిడ్ లాంటివి. ఇటుకల మధ్య సందులు పూడ్చి నున్నగా చేసేవి: నూనెలు, సెరమైడ్లు. పైన మూతలా కూర్చునేవి: పెట్రోలియం జెల్లీ, మినరల్ ఆయిల్, మైనం. ఏ డబ్బా వెనక చూసినా ఈ మూడిట్లో ఏవో కొన్ని, తలా కొంచెం కలిపి ఉంటాయి. లేబుల్ మీద పదార్థాలు ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదానికి వరసలో రాస్తారు. మొదట ఆక్వా అని ఉంటే ఎక్కువ భాగం నీళ్లే అని. పెట్రోలాటమ్, పారాఫినమ్ లిక్విడమ్, గ్లిజరిన్ ఇవి వరసలో పైన ఉన్నాయా, కింద ఎక్కడో పరిమళం పక్కన ఉన్నాయా అన్నది చూసుకోండి. ముందువైపు ఉన్న బాదం పప్పు, తేనె చుక్క బొమ్మల కంటే ఇది ఎక్కువ చెప్తుంది.

సరే, టెస్ట్.

ఆఫీసులో కొత్త ఫీచర్ రిలీజ్ చేసేముందు ఏ/బి టెస్ట్ చేసేవాళ్లం. సగం మంది యూజర్లకు పాతది, సగం మందికి కొత్తది. ఇక్కడ యూజర్లు నా రెండు కాళ్లు. డిసెంబర్, జనవరి, హైదరాబాద్ చలి, రోజంతా ఏసీ రూమ్‌లో ఎడిటింగ్, కాబట్టి నా కాళ్లు కూడా బాగానే ఎండిపోయి ఉన్నాయి. వారానికి ఒక ప్రొడక్ట్. ఒక కాలికి బాత్రూమ్‌లోనే, నీళ్లు కారడం ఆగగానే, తడి మీద. రెండో కాలు టవల్‌తో పూర్తిగా తుడిచి, అరగంట ఆగి, పొడి మీద. రెండిటికీ అర టీస్పూన్. నాలుగో రోజు కాళ్లు మార్చేవాణ్ని, ఎందుకంటే ఒక కాలు సహజంగానే ఎక్కువ పొడిగా ఉండొచ్చు కదా. రాత్రి 8కి ముంగాలు మీద గోరుతో గీత. మార్కులు వేసేది నేను కాదు, నా రూమ్మేట్. ఏ కాలికి తడి మీద రాశానో వాడికి చెప్పను. "అరేయ్, రోజూ నీ కాళ్లు చూడటానికా నేను బీటెక్ చదివింది" అని వాడు మొదటి వారం తిట్టాడు. రెండో వారం నుంచి ఒక బిర్యానీకి ఒప్పుకున్నాడు.

మొదటిది పంపు కొడితే వచ్చే లోషన్. ఇక్కడే ఒక తప్పు చేశాను. "తడి" అంటే నీళ్లు ఓడుతున్న ఒంటి మీద రాసేశాను. పాలలా తెల్లగా అయిపోయి, జారిపోయి సగం డ్రెయిన్‌లోకి వెళ్లింది. లోషన్‌లో ఆల్రెడీ నీళ్లే ఎక్కువ, దానికి ఇంకా నీళ్లు కలిపాను. మూడో రోజు నుంచి అరచేత్తో ఒంటి మీద నీళ్లు కిందికి తోసేసి, పట్టుకుంటే చల్లగా, తేమగా ఉండి, చుక్కలు కారని స్టేజ్‌లో రాశాను. మన అమ్మలు పిండి కలుపుతూ "చేతికి అంటీ అంటనట్టు" అంటారు చూడండి, అలాంటి తేమ. ఇక నుంచి తడి అన్న ప్రతిసారీ ఈ తేమే అనుకోండి. లోషన్‌తో సాయంత్రానికి తడి కాలికి కొంచెం మంచి మార్కులు వచ్చాయి, కానీ రెండు కాళ్ల మీదా గీత పడింది. హైదరాబాద్ చలికే ఇలా ఉంటే నిర్మల్ చలికి ఇది చాలదు.

రెండో వారం కొబ్బరి నూనె. మా నానమ్మ టెక్నిక్ ఇది. స్నానం చేయించి, తుడవకముందే రెండు చుక్కలు అరచేతుల్లో రుద్ది కాళ్లకు, చేతులకు గబగబా పూసేది. ఆమెకు పేపర్లు, స్టడీలు తెలియవు, కానీ తడి ఒంటి మీద నూనె తక్కువ పడుతుందని, సమంగా పరుచుకుంటుందని తెలుసు. నిజమే, పొడి కాలికి అర స్పూన్ చాలక ఇంకా కావాలనిపించింది, తడి కాలికి మిగిలిపోయింది. ఒకటే గొడవ. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టేస్తుంది. పొద్దున్నే డబ్బాలో వేలు పెట్టి గీక్కోవాలి.

మూడోది బేబీ ఆయిల్. అంటే మినరల్ ఆయిల్. ఇది "పెట్రోల్ నుంచి వస్తుంది, విషం" అని రీల్స్ చాలా ఉన్నాయి. ముడి చమురు నుంచి వచ్చే మాట నిజమే, కానీ చర్మానికి వాడేది బాగా శుద్ధి చేసినది. ఫిలిప్పీన్స్‌లో 34 మంది పొడి చర్మం ఉన్నవాళ్ల కాళ్ల మీద వర్జిన్ కొబ్బరి నూనెనూ, మినరల్ ఆయిల్‌నూ పోల్చి చూశారు. 2004లో పేపర్ వచ్చింది. రెండూ దాదాపు ఒకేలా పనిచేశాయి, రెండూ సేఫ్‌గానే ఉన్నాయి. నా కాళ్ల మీదా అంతే. మార్కుల్లో తేడా లేదు. కానీ నాలుగో రోజు నేను బాత్రూమ్‌లో జారాను. నూనె టైల్స్ మీద పడింది, నేను చూసుకోలేదు. ట్యాప్ పట్టుకుని ఆగిపోయాను కాబట్టి ఈ ఎపిసోడ్ ఉంది. ఆ క్షణంలో నాకు నా మోచెయ్యి కాదు, బాపు గుర్తొచ్చాడు. అరవై దగ్గర పడ్డ మనిషి, తడి టైల్స్, నూనె. ఈ కాంబినేషన్ వద్దే వద్దు. నూనె లిస్ట్‌లోంచి తీసేశాను.

నాలుగో వారం పెట్రోలియం జెల్లీ. మన ఇళ్లల్లో వ్యాజలైన్ అనేది. దీని కథ భలే ఉంటుంది. 1859లో అమెరికాలో పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్ దగ్గర చమురు పడితే, రాబర్ట్ చెస్‌బ్రో అనే 22 ఏళ్ల కెమిస్ట్ అక్కడికి వెళ్లాడు. బావుల పంపుల రాడ్లకు ఒక మైనం లాంటి జిగురు పట్టేసి పనివాళ్లను విసిగించేది, కానీ కోతలకు, కాలిన చోట్లకు వాళ్లు దాన్నే పూసుకునేవాళ్లు. అతను దాన్ని శుద్ధి చేసే పద్ధతి కనిపెట్టి 1872లో పేటెంట్ తీసుకున్నాడు. 96 ఏళ్లు బతికాడు, రోజూ ఒక స్పూన్ తినేవాడని కూడా అంటారు. మీరు తినకండి.

నీళ్లు బయటికి పోకుండా ఆపడంలో ఈ జెల్లీని మించింది దొరకడం కష్టం. మిగతావన్నీ దీంతోనే పోల్చుకుంటారు. సమస్య దాని జిడ్డు. పొడి కాలి మీద అర స్పూన్ రాస్తే ఈగ వాలితే లేవలేదు అన్నట్టుంది. జీన్స్ వేసుకోవడం ఒక యుద్ధం. బైక్ మీద ఆఫీస్‌కు వెళ్తే మెహదీపట్నం దుమ్ము మొత్తం నా కాలి మీదే. కానీ తడి కాలి మీద? నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది ఇదే. నీళ్లూ జెల్లీ కలవవు, నిజమే. కానీ శనగ గింజంత తీసుకుని, తడి అరచేతుల మధ్య రుద్ది, తడి కాలి మీద ఒత్తుతూ పోతే మధ్యలో ఉన్న నీళ్ల పొర వల్ల అది చాలా పల్చగా పరుచుకుంటుంది. అర స్పూన్ అవసరమే పడలేదు. రెండు నిమిషాలాగి టవల్‌తో అద్దితే, అద్దడం అంటున్నా, రుద్దడం కాదు, పైన మిగిలిన నీళ్లు పోతాయి, జెల్లీ ఉంటుంది. జిడ్డు దాదాపు లేదు. రాత్రి 8కి గీత పడలేదు. నా రూమ్మేట్ మొదటిసారి ఫుల్ మార్కులు వేశాడు. నేను కొన్న డబ్బా వంద రూపాయల లోపే.

గ్లిజరిన్ గురించి ఎక్కువ చెప్పను. పొడి కాలి మీద పాకంలా అంటుకుంది, తడి మీద నీళ్లు కలిసి పల్చబడి బాగుంది, కానీ ఒక్కదాన్నే రాస్తే మధ్యాహ్నానికి ఆ ఎఫెక్ట్ పోయింది. పైన ఏదో ఒక మూత కావాలి. షవర్‌లో రాసి కడిగేసుకునే లోషన్లు కూడా ఉన్నాయి, అదొకటి రెండ్రోజులు వాడాను. హాయిగా ఉంది, కానీ రాసి కడిగేయడానికి మనసొప్పలేదు, మధ్యతరగతి మనసు కదా.

ఆరో వారం డబ్బాలో వచ్చే మందపాటి క్రీమ్, గ్లిజరిన్, పెట్రోలాటమ్ రెండూ వరసలో పైనే ఉన్నది. ఇది రెండు కాళ్ల మీదా బాగా పనిచేసింది. తడికీ పొడికీ మార్కుల్లో తేడా లేదు. ఒక్క పాయింట్ కూడా లేదు.

ఇక్కడ నేను ఆగిపోయాను. "మూడు నిమిషాల్లో రాయకపోతే వేస్ట్" అని అన్ని చోట్లా చెప్తారు కదా? అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ కూడా స్నానం అయిన కొద్ది నిమిషాల్లో రాయమంటుంది. మరి నా క్రీమ్ ఎందుకు తేడా చూపించలేదు? వెతికితే 2009లో వచ్చిన ఒక చిన్న స్టడీ దొరికింది. పదిమందే, అందులో సగం మంది ఎగ్జిమా ఉన్నవాళ్లు. ఎగ్జిమా ఉన్నవాళ్లలో, ఏమీ రాయకుండా స్నానం మాత్రమే చేస్తే ఆ తర్వాతి గంటన్నరలో చర్మం తేమ సగటున స్నానానికి ముందున్నదాని కంటే తగ్గింది. స్నానం చేసిన వెంటనే రాసినా, అరగంట ఆగి రాసినా ఫలితం దాదాపు ఒకటే, మొదట్లో ఉన్నదానికి ఒకటిన్నర రెట్లకు దగ్గరగా. అసలు స్నానమే చేయకుండా క్రీమ్ రాస్తే? రెట్టింపు!

అంటే స్నానం మానేయమని కాదు, దయచేసి. పదిమంది స్టడీని పట్టుకుని, ఒకడి రెండు కాళ్లను పట్టుకుని లోకం మొత్తానికి రూల్ రాయలేం. కానీ నాకు లెక్క మారిపోయింది. స్టాప్‌వాచ్‌లో మూడో నిమిషం దాటితే ఏదో తలుపు మూసుకుపోదు. ఆఫీస్‌కు లేటై మర్చిపోయారా? పదింటికి రాసుకోండి, పని చేస్తుంది. తడి మీద రాయడం వల్ల నాకు కనిపించిన అసలు లాభం వేరే. చవకగా దొరికి బాగా పనిచేసే జెల్లీని జిడ్డు వల్ల ఎవరూ రాసుకోరు, తడి మీద రాస్తే అది భరించగలిగేలా మారుతుంది. తక్కువ పడుతుంది, తొందరగా అయిపోతుంది. పైగా డబ్బా బాత్రూమ్‌లోనే ఉంటుంది కాబట్టి మర్చిపోం. రోజూ రాసేది పనిచేస్తుంది, బీరువాలో ఉన్నది పనిచేయదు.

సంక్రాంతికి ఊరెళ్లాను. బాపు పుండు అప్పటికి డ్రెస్సింగులతో, షుగర్ కంట్రోల్‌తో మానింది, మచ్చ ఉంది. దురద మాత్రం అలాగే ఉంది. జెల్లీ డబ్బా తీసి చూపిస్తే, "మళ్లా గదే జిడ్డు తెచ్చినవా" అన్నాడు. "ఒక్క కాలికే బాపూ. రెండో కాలు నీ ఇష్టం" అన్నాను. బాత్రూమ్ బయట వాకిట్లో ప్లాస్టిక్ స్టూల్ వేశాం, కింద గోనె సంచి. లోపల కాదు, బయట, కూర్చుని. నీళ్లు గోరువెచ్చగా కలిపే బాధ్యత అమ్మది. మొదటి రోజు నేనే రాశాను. మా బాపు కాళ్లు పట్టుకున్నది ఎప్పుడో పరీక్షల ముందు దండం పెట్టడానికి. ఇంత దగ్గరగా ఆ కాలు ఎప్పుడూ చూడలేదు. చేప పొలుసుల్లా ఉంది చర్మం, ఎండిన చెరువు అడుగులా గీతలు. నేను ఏమీ మాట్లాడలేదు, ఆయనా ఏమీ మాట్లాడలేదు. అయ్యాక టవల్‌తో అద్ది, పంచె సర్దుకుని, "అంటుకుంటలేదు" అన్నాడు. అంతే.

ఐదో రోజు రాత్రి ఎడమ కాలు మాత్రమే గోక్కుంటున్నాడని అమ్మ చెప్పింది. రాసింది కుడి కాలికి. ఆరో రోజు నుంచి రెండు కాళ్లకూ ఆయనే రాసుకుంటున్నాడు.

మీ ఇంట్లోవాళ్లకు ఇది ట్రై చేసేముందు కొన్ని విషయాలు వినండి. షుగర్ ఉన్నవాళ్లకు కాలి వేళ్ల మధ్య ఏమీ రాయొద్దు. అక్కడ తుడిచి పొడిగా ఉంచాలి. చంకలు, గజ్జలు, రొమ్ముల కింద మడతల్లోనూ ఈ జిడ్డు వద్దు, మన ఉక్కపోతకు అక్కడ ఫంగస్ రావడానికి అంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. చుట్టూ అంచు ఎర్రగా లేచి, గుండ్రంగా పెరిగే మచ్చ అయితే అది పొడి చర్మం కాదు, తామర, దానికి వేరే మందు ఉంది. రాత్రిళ్లు ఇంట్లో అందరికీ ఒకేసారి దురద మొదలైతే గజ్జి అయ్యుండొచ్చు. రెండు మూడు వారాలు సరిగ్గా రాసినా ఒళ్లంతా దురద తగ్గకపోతే డాక్టర్‌కు చూపించాలి, కిడ్నీ, లివర్, థైరాయిడ్ తేడాల్లో కూడా దురద రావొచ్చు. యూరియా ఉన్న క్రీములు పగిలిన మడమలకు బాగుంటాయి కానీ పచ్చి పగులు మీద మండుతాయి.

బీడీ, సిగరెట్ తాగేవాళ్లు, పొయ్యి దగ్గర పనిచేసేవాళ్లు ఇంకొకటి గమనించండి. ఈ పారాఫిన్ క్రీములు ఒంటి మీద ఉంటే ఇబ్బంది లేదు, బట్టల్లోకి, దుప్పట్లలోకి ఇంకి ఎండిపోతే ఆ బట్ట నిప్పు తొందరగా అంటుకుంటుంది. బ్రిటన్‌లో మందుల నియంత్రణ సంస్థ 2018లో దీని మీద గట్టిగా హెచ్చరించింది కూడా. బాపు పంచెలు ఇప్పుడు అమ్మ వేడి నీళ్లలో నానబెట్టి ఉతుకుతోంది. అలా ఉతికినా జిడ్డు పూర్తిగా పోదు కాబట్టి బీడీ అరుగు మీద తాగేటప్పుడు వేరే లుంగీ.

ఆ ట్యూబ్ సంగతి కూడా. మీ ఇంట్లో దురదకు వాడే ట్యూబ్ ఏదైనా ఉంటే ఇప్పుడే ఫోన్ టార్చ్ వేసి వెనక చదవండి. క్లోబెటసాల్, బీటామెథాసోన్, మోమెటాసోన్ అని కనిపిస్తే అది స్టెరాయిడ్. డాక్టర్ చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు వాడితే అది మంచి మందే. నెలల తరబడి ఇష్టమొచ్చినట్టు రాస్తే చర్మం పల్చబడుతుంది, తామర ఉంటే లోపల్లోపల పాకిపోతుంది. ఇలాంటి చాలా స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే ప్రభుత్వం రూల్ తెచ్చింది. మా బాపుకు మూడు ట్యూబులు అడగ్గానే ఇచ్చారు. నెలలుగా వాడుతుంటే ఒక్కసారిగా మానేయకుండా ముందు డాక్టర్‌ను కలవండి, కొందరికి ఉన్నట్టుండి ఆపితే ఎర్రబడి మండుతుంది.

నిన్న ఫోన్ చేసినప్పుడు బాపు అడిగిన మొదటి మాట, "డబ్బ ఒడిసిపోవస్తుంది. ఇంకోటి పంపుతవా, ఈడ తీసుకోవాల్నా?" అక్కడే తీసుకో బాపూ, వంద రూపాయల లోపే అన్నాను. "మరి ఆ బిర్యానీ పోరనికి గూడ ఒకటి కొనియ్యి, నీ కాళ్లు చూసిండు పాపం" అన్నాడు.

కొనిచ్చాను. వాడు ఇంకా సీల్ తీయలేదు.